గుట్టు వేరు, దాపరికం వేరు



ఈ నెల ఒక్క పుస్తకాన్ని పట్టుకొని కూర్చోకుండా, ఒక తరహా నవలను గురించి ముచ్చటించుకొందాము. అది పుట్టుక దాచిన కథ. బిడ్డ ఒక ఇంట పెరుగుతాడు. తాను ఫలానా జాతివాడినని, ఫలానా వంశంవాడినని నమ్ముతాడు. ఇంట్లో పెద్దలకు అసలు సంగతి తెలుసు; కాని చెప్పరు. చెప్పకపోవడానికి వారి కారణాలు వారికుంటాయి. కథ ముదిరేసరికి చదివేవారికి అనుమానం తగులుతుంది. ఆఖరుకు నిజం బయటపడి ఇల్లంతా తలక్రిందులవుతుంది. ఇటువంటి నవలలు చాలా భాషలలో వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఎన్ని చదివినా విసుగు పుట్టదు. చాలా ఇళ్ళలో ఏదో ఒక గది తలుపు చేరవేసే ఉంటుంది గదా!

మనవారికి ఈ కథ భారతంతోనే పరిచయం. కుంతి కన్నబిడ్డను పెట్టెలో పెట్టి ఏటిలో విడిచింది. రాధ ఎత్తి పెంచింది. సూతపుత్రుడన్న మాట కర్ణుణ్ణి బ్రతికినంతకాలం ముల్లులా పొడిచింది. యుద్ధం ముగిసి, పోయినవారికి నీళ్ళు విడిచేవేళ గాని కుంతి కొడుకుల ముందు నోరు విప్పలేదు. అన్నను చంపుకొన్నామని తెలిసి ధర్మరాజు కుమిలిపోయి, ఇకమీదట ఆడవారి కడుపులో రహస్యం దాగకుండుగాక అని శపించాడట. ఆడవారి నోట నువ్వుగింజ నానదన్న సామెతకు మన పెద్దలు ఈ శాపాన్నే ముడిపెడతారు. శాపం సంగతి కాస్త జ్ఞాపకం ఉంచుకోండి; దానితో మళ్ళీ పని పడుతుంది.

నవలలలో ఈ కథకు పెద్దపీట రవీంద్రుని "గోరా"ది. 1910లో పుస్తకంగా వచ్చింది. గోరా కలకత్తాలో బ్రాహ్మణుల ఇంట పెరిగిన యువకుడు. ఆచారం తప్పడు. మన దేశాన్ని ఎవరైనా ఒక్క మాటంటే పడడు. తల్లి ఆనందమయి క్రైస్తవ దాసీని ఇంట ఉంచుకొన్నదని ఆమె గదిలో అన్నం ముట్టడు. ఆ గోరా అసలు ఐరిష్ దంపతుల బిడ్డ. 1857 తిరుగుబాటు రోజులలో తండ్రి చనిపోగా, తల్లి ఆ ఇంట తలదాచుకొని, అతన్ని కని కన్నుమూసింది. పెంచిన తండ్రి కృష్ణదయాళుకు జబ్బు చేసి, తన కర్మకాండ ఈ బిడ్డ చేతిమీదుగా జరగరాదన్న భయం పట్టుకొన్నప్పుడు గాని నిజం బయటికి రాలేదు. ఇన్నేళ్ళ ప్రేమ చెప్పించలేని మాటను పిండం భయం చెప్పించింది! అంతటి ఆచారపరుడూ ఒక్క నిమిషంలో కులం లేనివాడయ్యాడు. చివరకు ఎవరి గదిలో అన్నం ముట్టనన్నాడో ఆ తల్లి దగ్గరికే తిరిగి వచ్చాడు.

గోరా కల్పితం. కాని ఆ నవల రావడానికి నూరేళ్ళ ముందు మన తెలుగుగడ్డ మీదనే ఇటువంటి కథ ఒకటి నిజంగా జరిగింది. హైదరాబాదు కోఠీలోని మహిళా కళాశాలను చదువరులలో కొందరైనా చూచి ఉంటారు. ఆ కళాశాల 1924లో పుట్టి, 1949లో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. 2022లో విశ్వవిద్యాలయమయింది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ముందు సింహాల బొమ్మలు, వెనుక ఎత్తయిన స్తంభాలతో మహారాజ భవనంలా ఉంటుంది. దానిని కట్టించిన దొర ఇంటి కథ ఇది.

ఆ దొర పేరు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. 1764లో చెన్నపట్నంలో పుట్టాడు. అన్న విలియం తరువాత నిజాం దర్బారులో కుంపిణీవారి రెసిడెంటు అయ్యాడు. ఈయనకూ మనకూ ఒక లావాదేవీ ఉన్నది. 1799లో శ్రీరంగపట్టణం మీదికి పోయిన దండులో నిజాం సేనలు కూడా మీర్ ఆలం వెంట బెంగుళూరు ప్రాంతం మీదుగానే నడిచాయి. టిప్పు సుల్తాను పడిపోయిన తరువాత ఆయన రాజ్యంలో నిజాంకు కొంత పంచి ఇచ్చారు. ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. 1800 అక్టోబరు 12న మరొక ఒడంబడిక జరిగింది. కుంపిణీ సైన్యం ఖర్చు క్రింద బళ్ళారి, అనంతపురం, కడప సీమలూ, కర్నూలులో చాలాభాగమూ నిజాం వదులుకొన్నాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. 1928లో నంద్యాలలో రాయలసీమ అని పేరు మార్చుకొనేదాకా అదే వాడుక. మారతహళ్ళిలోనూ, బెంగుళూరు చుట్టుపట్ల పేటలలోనూ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆ సీమ నుంచి వచ్చినవారు ఎందరో. మన తాతముత్తాతల ఊళ్ళను నిజాం చేతినుంచి కుంపిణీ చేతికి మార్చిన ఆ ఒడంబడిక కుదిర్చినవాడు ఈ కర్క్‌పాట్రికే.

దేశాన్ని కుంపిణీకి అప్పగించే పని చేస్తూనే ఆయన మనిషిగా మాత్రం ఈ దేశంలో కలిసిపోయాడు. ఫారసీ, హిందూస్థానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో మొగలాయి దుస్తులు ధరించేవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. దర్బారులో పేరున్న బాకర్ అలీ ఖాన్ మనుమరాలు ఖైరున్నీసాను ఆయన వరించాడు. ఆమెది సయ్యదుల కుటుంబం. తరువాతి కాలంలో దివాను అయిన మీర్ ఆలంకు దగ్గర చుట్టరికం. ఆమెకు అంతకుముందే నిశ్చయించిన సంబంధం తప్పిపోయింది. తల్లి షరఫున్నీసా బిడ్డ పక్షాన నిలిచింది. ఇస్లాం విధి ప్రకారం నికా జరిగింది. గవర్నరు జనరలు వెల్లస్లీకి ఫిర్యాదులు వెళ్ళాయి, విచారణలు జరిగాయి, దొర ఉద్యోగం ఊడేదాకా వచ్చి నిలిచింది. 1801 మార్చిలో కొడుకు పుట్టాడు. పేరు మీర్ గులాం అలీ సాహెబ్ ఆలం. 1802 ఏప్రిలులో కూతురు. పేరు నూరున్నీసా సాహెబ్ బేగం.

రెసిడెన్సీ భవనం కట్టడం 1803లో మొదలయింది. ఖైరున్నీసా పరదా పాటించే ఇల్లాలు. భవనం వెనుక రంగమహలులో ఉండేది. ముందువైపుకు వచ్చి భవనం అందం చూచే వీలు ఆమెకు లేదని, అచ్చం అటువంటిదే చిన్న నమూనా ఒకటి తోటలో దొర కట్టించాడని ఈనాటికీ చెప్పుకొంటారు.

ఇంత ప్రేమ ఉన్న మనిషి, నాలుగేళ్ళ కొడుకునూ మూడేళ్ళ కూతురినీ తల్లి ఒడినుంచి తీసి సీమకు ఎందుకు పంపాడు? ఇక్కడే చదువరులు కొంచెం ఆగి ఆలోచించవలె. అంతకు ఇరవై ఏళ్ళ క్రితం దాకా కుంపిణీ దొరలకు ఈ దేశపు స్త్రీలవల్ల బిడ్డలు కలగడం దాచుకొనే సంగతిగా ఉండేది కాదు. 1786 నుంచి కట్టుబాట్లు బిగిశాయి. తండ్రి పోయిన అటువంటి బిడ్డలను కలకత్తా నుంచి చదువుకు సీమకు పంపరాదన్నారు. 1791లో, తల్లిదండ్రులలో ఒకరు ఈ దేశంవారైనా ఆ బిడ్డ కుంపిణీ కొలువుకు తగడన్నారు. 1795లో, ఇరుప్రక్కలా ఐరోపా రక్తం లేనివారు సైన్యంలో బాకాలు ఊదడానికి, డప్పులు కొట్టడానికి, గుర్రాలకు లాడాలు వేయడానికి తప్ప పనికిరారన్నారు. అంటే సాహెబ్ ఆలం హైదరాబాదులోనే పెరిగి పెద్దవాడైతే, తండ్రి కూర్చున్న కుర్చీ సరిగదా, తండ్రి కచేరీలో గుమాస్తా పని కూడా అతనికి దక్కదు.

కాబట్టి తండ్రి వేసుకొన్న లెక్క ఊహించడం కష్టం కాదు. పిల్లలు తెల్లగా ఉన్నారు. పసితనంలోనే సీమ చేరి, అక్కడి పేరూ మతమూ మాటా అలవరచుకొంటే వారి దారికి అడ్డుండదు. బిడ్డ బాగుపడాలని దూరం పంపే తండ్రులు మనకు కొత్తవారా? ఆయన దుర్మార్గుడు కాడు. దుర్మార్గమంతా ఆ కట్టుబాటులో ఉన్నది. ఆయన దానికి తల వంచాడు, అంతే. కాని ఆ తల వంపుకు కప్పం చెల్లించినది ఆయన కాదు, ఆ పిల్లల తల్లి.

ఓడ ఎక్కేముందు చెన్నపట్నంలో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు ఆ పిల్లలిద్దరి బొమ్మ వ్రాశాడు. దర్బారు దుస్తులలో, ముత్యాల సరాలతో మెట్లమీద నిలబడి ఉంటారు. అన్న మనవైపే చూస్తుంటాడు; చెల్లెలు చూపు దించుకొని ఉంటుంది. 1805 సెప్టెంబరులో లార్డ్ హాక్స్‌బరీ అనే ఓడలో, రెసిడెన్సీ వైద్యుని భార్య వెంట వారు సీమకు బయలుదేరారు. అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో కన్నుమూశాడు. ఆయనకు నలభై ఒక్క ఏళ్ళు. ఓడ ఇంకా సముద్రం మీదనే ఉన్నది.

ఖైరున్నీసాకు బిడ్డలు దూరమైన కొద్ది వారాలకే భర్తా పోయాడు. మరుసటి ఏడు ఆమె కలకత్తా వెళ్ళింది. భర్త క్రింద పనిచేసిన హెన్రీ రస్సెల్ మొదట ఆమెను చేరదీశాడు. 1808లో చెన్నపట్నంలో వేరొక దొరసానిని పెండ్లాడాడు. ఆమెను హైదరాబాదుకు తిరిగి రానీయలేదు. మన బందరులో కొన్నేళ్ళు ప్రవాసం గడిపింది. చివరకు హైదరాబాదు చేరి 1813 సెప్టెంబరులో మరణించింది. కన్నబిడ్డలను మళ్ళీ చూడలేదు. ఆమె ఉన్న రంగమహలును కూడా ఆ శతాబ్దంలోనే పడగొట్టారు. దొర భవనం నిలిచింది, బేగం ఇల్లు పోయింది. ఇటుకలు, సున్నం కూడా వంశవృక్షాల పద్ధతినే అనుసరించాయి కాబోలు!

సీమలో 1806 మార్చి 25న లండనులోని మేరిల్‌బోన్ చర్చిలో పిల్లలకు జ్ఞానస్నానం జరిగింది. సాహెబ్ ఆలం విలియం జార్జి అయ్యాడు. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. నూర్ అంటే వెలుగు. అరోరా అంటే ఉషస్సు. పేరు మార్చినా వెలుగు మిగిలింది. తాతగారింట పెరిగిన ఆ పిల్లను అందరూ కిట్టీ అని పిలిచేవారు. అన్న 1812లో మరిగే నీళ్ళ కాగులో పడి ఒక చేయి పోగొట్టుకొన్నాడు. 1828లో, ఇరవై ఏడేళ్ళకే చనిపోయాడు. కిట్టీ అందగత్తె అయింది. మహారచయిత కార్లైల్ యువకుడుగా ఉన్నప్పుడు ఆమె చుట్టాల ఇంట పిల్లలకు చదువు చెప్పేవాడు. ఆమెను చూచి ముగ్ధుడైనాడని చెబుతారు. 1833, 34 సంవత్సరాలలో పత్రికలో వచ్చిన ఆయన "సార్టర్ రిసార్టస్"లో బ్లూమిన్ అనే నాయిక ఈ కిట్టీయేనని చాలామంది అభిప్రాయం. 1829లో ఆమె ఫిలిప్స్ అనే సైనికాధికారిని పెండ్లాడి గృహిణి అయింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. ఆమె తల్లి హైదరాబాదు బేగం అన్న సంగతి బయటివారికి తెలియకపోలేదు. కార్లైలుకు తెలుసు, తన జ్ఞాపకాలలో వ్రాసుకొన్నాడు కూడా. ఎవరి నుంచి దాచవలెనని పేరూ మతమూ మార్చారో వారి నుంచి దాగలేదు. తల్లికీ బిడ్డకూ మధ్య దారి మాత్రం గట్టిగా మూసుకొన్నది. ఉత్తరం వ్రాయాలని ఎంత తపించినా, వ్రాస్తే మధ్యలోనే ఆపివేస్తారని కిట్టీకి తెలుసు. తల్లి పోయింది. ఏళ్ళు గడిచాయి.

1841లో కిట్టీ బెర్క్‌షైరులోని స్వాలోఫీల్డ్ అనే ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళింది. అది హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడిన హెన్రీ రస్సెల్ ఇల్లు. లోపలికి వెళ్ళేసరికి గోడమీద చిన్నరీ వ్రాసిన బొమ్మ ఉన్నది. ముత్యాల సరాలతో చూపు దించుకొన్న పిల్ల తానే! కిట్టీ వలవలా ఏడ్చింది. ముప్పై ఆరేళ్ళ తరువాత ఆమెకు తన ముఖం తనకే ఎదురయింది.

అక్కడితో ఆగలేదు. హైదరాబాదు రెసిడెన్సీలో అప్పుడు ఉద్యోగిగా ఉన్న డంకన్ మాల్కం ద్వారా విచారిస్తే, అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బ్రతికే ఉన్నదని తెలిసింది. ఉత్తరాలు మొదలయినాయి. మనుమరాలు ఇంగ్లీషులో వ్రాసేది. అమ్మమ్మ ఫారసీలో చెప్పి వ్రాయించి, బంగారుపొడి చల్లిన కాగితం మీద, జరీసంచీలో పెట్టి పంపేది. విడిపోయిన రోజున తల్లి ఎక్కడ కూర్చున్నదో, ఎట్లా జుట్టు పీక్కొని ఏడ్చిందో తనకు కళ్ళకు కట్టినట్లున్నదని, ఆ జుట్టులో ఒక్క పాయ దొరికితే దానికోసం ఏమైనా ఇస్తానని కిట్టీ వ్రాసింది. మూడేళ్ళ పిల్లకు అది ఎట్లా జ్ఞాపకమున్నది అని అడగకండి. పెద్దలు నోరు మూసుకొంటే పిల్లలు మరిచిపోతారని మనం అనుకొంటాము, వారు మరిచిపోరు.

ఆరేళ్ళు ఉత్తరాలు నడిచాయి. 1847 జూలైలో షరఫున్నీసా మరణించింది. అమ్మమ్మా మనుమరాలూ ఒకరినొకరు చూచుకోనే లేదు. రస్సెల్ తన మరణశాసనంలో ఆ బొమ్మను కిట్టీకి వ్రాశాడు. కిట్టీ 1889లో టార్కీలో కన్నుమూసింది. బొమ్మ తరువాత చేతులు మారి హాంకాంగులో ఒక బ్యాంకువారి సేకరణలో చేరింది. ఈ కథంతా విలియం డాల్రింపుల్ 2002లో "వైట్ మొగల్స్" అన్న పుస్తకంలో విపులంగా వ్రాశాడు. స్కాట్లండువాడైన ఆ రచయితకు ఆ పనిలో ఉండగా తన వంశంలోనూ చంద్రనాగూరుకు చెందిన బెంగాలీ పూర్వీకురాలు ఒకరున్నట్లు తెలియవచ్చింది. ఇతరుల ఇంటి అటక వెతకబోయి తన ఇంటి అటక తెరిచాడన్నమాట!

ఇప్పుడు ధర్మరాజు శాపం సంగతికి వద్దాము. ఈ కథలో దాచిపెట్టే ఏర్పాటు చేసినవారు మగవారు: ఉత్తర్వులు చేసిన దొరలు, పంపిన తండ్రి, పెంచిన తాత. మూసిన తలుపు తీసినవారు ఇద్దరు ఆడవారు. ఒకరు ముసలి అమ్మమ్మ, మరొకరు నడివయసు మనుమరాలు. నువ్వుగింజ నానని నోళ్ళే ఇన్నేళ్ళ పాపం కొంతైనా కడిగాయి. ఆడవారిని ఎగతాళి చేయడానికి వాడుకొనే ఆ సామెతను ఇకమీదట కాస్త మర్యాదగా వాడుదాము.

ఇది దొరల కథ, మనకేమిటి అనవచ్చు. తొందరపడవద్దు. రంగు చూచే లోకంలో రంగు దాచారు. అమెరికాలో నెల్లా లార్సెన్ అనే నల్లజాతి రచయిత్రి 1929లో "పాసింగ్" అన్న నవల వ్రాసింది. తెల్లగా ఉండటాన తెల్లవారిలో చెల్లిపోయి, కట్టుకొన్న భర్తకు కూడా జాతి చెప్పుకోలేని ఇల్లాలి కథ అది. మన బొంబాయిలో 1911లో పుట్టిన మెర్ల్ ఓబరాన్ హాలీవుడ్డులో పెద్ద తార అయింది. తాను టాస్మేనియాలో పుట్టానని చెప్పుకొన్నది. తల్లిగా పెంచిన నల్లని మనిషిని అతిథుల ముందు దాసీగా చూపింది. 1979లో ఆమె పోయిన తరువాత గాని నిజం లోకానికి పూర్తిగా తెలియలేదు.

మన దగ్గర రంగు కూర్చున్న పీట మీద కులం కూడా కూర్చున్నది. దాశరథి రంగాచార్యగారి "చిల్లర దేవుళ్ళు" 1969లో వచ్చింది. తెలంగాణా గడీలలో ఆడబాపల బ్రతుకు అందులో ఉన్నది. దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆ ఆడపిల్లలకు గడీలో పుట్టిన బిడ్డలు తండ్రిని కళ్ళెదుట చూస్తూనే ఉండేవారు. తండ్రీ అని పిలిచే హక్కు లేదు. కర్క్‌పాట్రిక్ బిడ్డలకు తండ్రి పేరు దక్కింది, తల్లి పోయింది. గడీ బిడ్డలకు తల్లి దక్కింది, తండ్రి పేరు పోయింది. రెండింటిలోనూ రాతిగోడ ఒకటే.

ఇక మన ఇళ్ళకు వద్దాము. ఊరు విడిచి ఇక్కడికి వచ్చి రెండు మూడు తరాలయిన కుటుంబాలు మనవి. మనుమలు కన్నడం ఇంగ్లీషులా, ఇంగ్లీషు తెలుగులా మాట్లాడుతున్నారు. బడిలో వంశవృక్షం గీసుకొని రమ్మంటే కాగితం పట్టుకొని తాతయ్య దగ్గరికి, నాయనమ్మ దగ్గరికి వస్తారు. ఇటు ముత్తాత, అటు ముత్తవ్వ, ఆ ప్రక్క అంటూ ఉత్సాహంగా చెప్పుకొంటూ పోతామా, ఒక కొమ్మ దగ్గర నాలుక తడబడుతుంది. వేరే కులం నుంచి వచ్చిన కోడలు కావచ్చు. పేరు ఎత్తని మొదటి భార్య కావచ్చు. పెంచుకొన్న బిడ్డ కావచ్చు. మతం మార్చుకొన్న పెదతాత కావచ్చు. ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మేనత్త కావచ్చు. "అవన్నీ నీకెందుకురా, ఇక్కడ గీత గీసెయ్" అంటాము. పిల్లవాడు గీత గీస్తాడు. కాని అమ్మమ్మ ఎందుకు ఆగిందో వాడు గమనించకపోడు.

ఇంటిగుట్టు లంకకు చేటని మన సామెత. నిజమే. నది పుట్టుక, ఋషి పుట్టుక అడగరాదని కూడా అన్నారు. అదీ మంచి మాటే. పుట్టుక చూచి మనిషిని తక్కువ చేయకూడదని దాని తాత్పర్యం. అయితే గుట్టు వేరు, దాపరికం వేరు. ఇంటి సంగతి వీధిలో పెట్టకపోవడం గుట్టు. ఇంటి సంగతి ఇంటి బిడ్డకే తెలియకుండా చేయడం దాపరికం. గుట్టు ఇంటిని కాస్తుంది. దాపరికం ఇంట్లోనే ఒకరిని పరాయివారిని చేస్తుంది. హైదరాబాదులో ఖైరున్నీసాను చేసినట్లు.

పెండ్లి సంబంధాలు చెడిపోతాయన్న భయం లేకపోలేదు. ఆ భయం ఉత్తది అని నేననను. కర్క్‌పాట్రిక్ భయమూ ఉత్తది కాదు. కాని భయపడి కొట్టివేసిన పేరు ఎవరిదో ఒకసారి చూచుకోండి. చాలాచోట్ల అది ఒక స్త్రీ పేరు. ఆమె ఈ ఇంటికి బిడ్డలను కన్నది, ఈ ఇంటి పొయ్యి ఊదింది. ఆమె చేతి వంట తిన్న వంశం ఆమె పేరు పలకడానికి సిగ్గుపడితే, ఆ సిగ్గు ఎవరిది?

బ్రతికి ఉన్నవారికి బాధ కలిగే సంగతులుంటాయి. ఒకరికి జరిగిన అన్యాయాన్ని వారి అనుమతి లేకుండా నలుగురిలో చెప్పే హక్కు మనకు లేదు. అది గుట్టుగానే ఉండవలె. బిడ్డ తన పుట్టుకను గురించి అడిగితే మాత్రం, ఈడుకు తగినట్లు, ఇంట్లోవారే, ప్రేమగా చెప్పవలె. ఏ పెండ్లి పందిట్లోనో దూరపు చుట్టం నోట వినడంకంటె అది వేయిరెట్లు మేలు. పెంచుకొన్న బిడ్డల విషయంలో చట్టం కూడా దారి చూపింది. 2022 దత్తత నిబంధనల ప్రకారం, చట్టబద్ధంగా దత్తు వెళ్ళిన బిడ్డ పద్దెనిమిదేళ్ళు నిండితే తన మూలాలు తెలుసుకోవడానికి స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు. కన్నవారి గోప్యతకూ అందులో రక్షణ ఉన్నది. గుట్టుకూ దాపరికానికీ తేడా చట్టానికి తెలిసింది. మనకు తెలియకపోతే ఎట్లా?

చివరిగా చిన్న పని ఒకటి చెబుతాను. ఈ నెలలో ఒక ఆదివారం ఇంట్లోని పాత ఫొటోలు దించండి. ప్రతి ఫొటో వెనుక అందులోనివారి పేర్లు, ఊరు, జ్ఞాపకముంటే సంవత్సరం, తెలుగులో పెన్సిలుతో వ్రాయండి. ఎవరినీ వదలవద్దు. కత్తిరించిన ఫొటో ఉంటే, కత్తిరించిన ముక్కలో ఎవరు ఉండేవారో వ్రాయండి. ఒక బొమ్మ గోడమీద మిగిలి ఉండబట్టి కిట్టీకి అమ్మమ్మ దొరికింది. మన మనుమలకు గోడమీద ఏం మిగులుస్తామో ఆలోచించుకొందాము.

వచ్చే నెల మళ్ళీ కలుసుకొందాము. సెలవు.